ఎవరినీ వదలని కెప్టెన్

మా జర్మన్ పల్లె ఎల్పెన్‌రోడెలో పొద్దుటి పూజకు చర్చికి వెళ్ళే దారి కెప్టెన్ ష్నెట్లర్ గారి కిటికీ ముందు నుంచే పోతుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకే ప్రతి ఉదయం గుడి గంట మోగకముందే తెరలు రెండు పక్కలకూ లాగి, కిటికీ దగ్గరి బల్ల మీద నీలం మఖమలు గుడ్డ పరిచి, దాని మీద తన పతకాలన్నీ వరసగా పెట్టుకుని, పళ్ళపొడీ మెత్తటి గుడ్డా తీసుకుని తోమడానికి కూర్చునేవారు. ఎండైనా మంచైనా, పండగైనా ఉపవాస కాలమైనా ఇదే వరస. మేం ఆడవాళ్ళం జపమాలలు పట్టుకుని ఆ కిటికీ దాటుతూ "శుభోదయం కెప్టెన్ గారూ" అనాలి. ఆయన రాజ్యకార్యంలో మునిగిపోయిన మనిషిలా తలెత్తకుండా "ఆఁ, శుభోదయం" అనాలి. నేను ఫాదర్ హోయ్‌కెన్ గారింట్లో వంటా ఇల్లూ చూసుకునేదాన్ని. గుడి తలుపు తీయడానికి అందరికంటే ముందు వెళ్ళేదాన్ని. కాబట్టి ఆ ప్రదర్శనకు రోజూ మొదటి ప్రేక్షకురాలిని నేనే.

ఆ పతకాల్లో ఇనప సిలువను తోమడం అందరికీ చేతకాదు. మధ్యలో నల్లరంగు, చుట్టూ వెండి అంచు. వెండిని రుద్దాలి, నలుపును తాకకూడదు. తాకితే రంగు లేచిపోయి లోపలి ఇనుము బయటపడుతుంది. ఇంత సన్నటి పని చేసిన చేతులే ఎనిమిది గంటలకల్లా తవుడు బస్తాలు మోసేవి. కెప్టెన్ గారు మా ఊరి దాణా కొట్టు చూసుకునేవారు. తలుపు మీద ఇత్తడి పలకలో "కెప్టెన్, పదవీ విరమణ" అని ఉండేది గాని, తవుడు మాట ఎక్కడా ఉండేది కాదు.

ఆయన పతకాల కథ ఊళ్ళో అందరికీ నోటికి వచ్చు. రెండో తరగతి ఇనప సిలువ ఫ్రాన్సులో ఒక వంతెన దగ్గర వచ్చింది. ఆ వంతెన మీద శత్రువులెవరూ లేరని తర్వాత తేలింది గాని, అప్పటికి సిలువ ఇచ్చేశారు, వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. గాయపడ్డవాళ్ళకిచ్చే నల్ల బిళ్ళ ఎడమ కాలి చిటికెన వేలు మంచు కొరికి ఊడిపోయినందుకు వచ్చింది. దాడి చేసిన పదాతి సైనికులకిచ్చే వెండి బిళ్ళ ఒకటి. రష్యాలో మొదటి చలికాలం బతికి బయటపడ్డ వాళ్ళందరికీ పంచిన పతకం ఇంకొకటి. దాన్ని సైనికులు "గడ్డకట్టిన మాంసం పతకం" అని పిలుచుకునేవారు. వీటన్నిటికీ పైన, మఖమలు గుడ్డ నడి మధ్యన, మొదటి తరగతి ఇనప సిలువ.

ఇంకొక్కటి రాలేదు. మెడలో వేలాడే వీరసిలువ. దాని కోసం తహతహలాడే అధికారులను చూసి సైనికులు "మా దొరకి గొంతు నొప్పి" అని నవ్వుకునేవారట. మా ఊళ్ళో మాంసం కొట్టు కాస్పర్ బ్రూనె, మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు, యుద్ధం అయిపోయి ఇన్నేళ్ళయినా బీరుకొట్టులో కెప్టెన్ గారు కనబడితే చాలు, "గొంతు ఎలా ఉందండీ కెప్టెన్ గారూ? తేనె కలిపిన పాలు తాగండి, ఇప్పుడైనా తగ్గుతుందేమో" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. కెప్టెన్ గారూ నవ్వేవారు. ఆ నవ్వు ఆయనకు కాస్త బిగుతుగా ఉండేది.

మొదటి తరగతి సిలువ కథ మాత్రం ఎవరూ ఎగతాళి చేసేవారు కాదు. లోవట్ నది పక్క ఒక గుట్ట. నలభై మూడో సంవత్సరం చలికాలం. చుట్టూ రష్యన్లు. గుట్టను వదిలి వెనక్కి రమ్మని హుకుం. అప్పుడు ఆ సైనిక కంపెనీని నడిపించినవాడు మా ష్నెట్లర్. ఏటా వేసవిలో తుపాకి పండగ నాడు, స్తంభం మీది చెక్కపక్షిని కొట్టి పడేసిన తర్వాత, పందిట్లో బీరు గ్లాసులు నింపుకున్నాక, ఆయన లేచి నిలబడి ఆ కథ చెప్పేవారు. మంచు తుపాను, ఎముకలు కొరికే చలి, నది మీద పగిలే మంచు. చివర గొంతు తగ్గించి, "చచ్చిన వాళ్ళని పూడ్చి వచ్చాం. బతికినవాళ్ళని తీసుకొచ్చాం. నా వాళ్ళని ఒక్కణ్ణి కూడా వదల్లేదు" అనేవారు. మగాళ్ళు పిడికిళ్ళతో బల్లలు దబదబా బాదేవాళ్ళు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేనూ తుడుచుకునేదాన్ని, ఎందుకు కాదనాలి!

ఈలోగా రాజధాని బాన్‌లో కొత్త ప్రభుత్వం పతకాలకో చట్టం తెచ్చింది. యుద్ధంలో వచ్చిన పతకాలు పెట్టుకోవచ్చు, కాకపోతే వాటి మీదున్న నాజీల కొక్కేల సిలువ, ఆ స్వస్తిక గుర్తు, ఉండకూడదు. అంటే ధైర్యాన్ని ఉంచుకోవచ్చు, అది ఎవరి కోసం చూపించారో ఆ గుర్తును మాత్రం తీసేయాలి. కెప్టెన్ గారు అందరికంటే ముందు కొత్తవి తెప్పించుకున్నారు. నడుమ కొక్కేల సిలువ ఉండే చోట మూడు ఓక్ ఆకులు. "చూడు సిబిల్లా, ఎంత చక్కగా ఉందో! అసలెప్పుడూ ఇలాగే ఉన్నట్టుంది" అని కిటికీలోంచి నాకు చూపించారు. నిజమే, అలాగే ఉంది. మా దేశం మొత్తం ఆ ఏళ్ళలో అలాగే ఉండేది.

ఇలా చెప్తుంటే ఆయన్ని ఆడిపోసుకుంటున్నాననుకుంటారు. దేవుడు చూస్తున్నాడు, ఉన్నదంతా చెప్పాలి. గుడి మెట్ల మీద మంచు గడ్డకట్టిన రోజుల్లో ఎవరూ అడక్కుండా బూడిద తెచ్చి చల్లేది ఆయనే. ముసలివాళ్ళ బస్తాలు ఇంటిదాకా మోసేది ఆయనే. వాల్బుర్గా శ్టెర్కెన్ కోళ్ళకు ఏటా వసంతంలో నలిగిన గోధుమలు ఒక బస్తా ఊరికే పంపేవారు. "కొట్టులో మిగిలిపోయాయి, ఎలకలపాలవుతాయి" అనేవారు. మా ఊళ్ళో ఎలకలకు అన్ని గోధుమలు ఎక్కడ మిగులుతాయి? నేను ఆయన మంచితనమే అనుకున్నాను.

ఆ వాల్బుర్గా భర్త క్లెమెన్స్ కెప్టెన్ గారి కంపెనీలోనే ఉండేవాడు. ఆ గుట్ట నుంచి తిరిగి రాలేదు. సైన్యం పంపిన కబురులో "ఆచూకీ లేదు" అని ఒక్క మాట. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు అప్పటికి. రష్యా నుంచి యుద్ధఖైదీల రైళ్ళు వచ్చినప్పుడల్లా వాల్బుర్గా క్లెమెన్స్ ఫోటో అట్టకు అంటించి, పట్టుకుని స్టేషన్లో నిలబడేది. ఆఖరి రైలు కూడా వచ్చి వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఫోటో అంచులు మెత్తబడిపోయాయి.

పాల బండి నడిపే ఎంగెల్బర్ట్ అని ఒకడుండేవాడు. ఇంటింటి ముందూ పెట్టిన పాల డబ్బాలు ఎత్తుకుని డెయిరీకి తీసుకెళ్తాడు. డబ్బాను గుమ్మం దాకా తెచ్చిపెట్టడం ఇంటివాళ్ళ పని, ఎత్తడం అతని పని. వాల్బుర్గా ఇంటి దగ్గర మాత్రం గుమ్మంలో ఆగకుండా పాకలోపలికి వెళ్ళి డబ్బాను తనే మోసుకొచ్చేవాడు. ఎన్నో ఏళ్ళు ఇంతకు మించి ఒక్క మాట లేదు. చివరికి ఆ వసంతంలో, డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, "వాల్బుర్గా, నేనిది ఎంతకాలమైనా మోస్తాను గాని, సాయంత్రం ఇంటికెళ్తే నాకు మాట్లాడేవాళ్ళు లేరు" అన్నాడట. అంత పొడుగు మాట అతను జీవితంలో అనడం అదే మొదలు.

అప్పట్లో భర్త ఆచూకీ లేని ఆడవాళ్ళు చాలామంది పెళ్ళి లేకుండానే ఇంకో మగాడితో ఉండిపోయేవాళ్ళు. అతన్ని పిల్లలు బాబాయ్ అని పిలిచేవాళ్ళు, ఊరు కూడా బాబాయ్ అనే పిలిచేది. బ్రూనె అప్పటికే మొదలుపెట్టాడు: "ఏరా ఎంగెల్బర్ట్ బాబాయ్, వాల్బుర్గా కోళ్ళు కూడా నిన్ను బాబాయ్ అంటున్నాయా?" ఎంగెల్బర్ట్ కందగడ్డలా ఎర్రబడిపోయేవాడు. వాల్బుర్గా మాత్రం ఒకటే పట్టు. గుడిలో, దేవుడి ముందు, లేకపోతే అసలు వద్దు.

గుడిలో కావాలంటే క్లెమెన్స్ చనిపోయాడని రుజువు కావాలి. కోర్టువాళ్ళు అడిగినవాళ్ళకు కాగితం ఇచ్చేస్తున్నారు. ఫాదర్ హోయ్‌కెన్ మాత్రం, "తల్లీ, కోర్టు కాగితం ఆయన చనిపోయాడని అనుకుంటోంది. నాకు అనుకోవడం సరిపోదు. రేపు నువ్వు ఇంకొకరి భార్యగా ఉండగా క్లెమెన్స్ తలుపు తడితే ఆ పాపం నేను మోయలేను. చూసినవాళ్ళు ఒక్కరు, ఒకే ఒక్కరు వచ్చి చెప్తే చాలు" అన్నారు. ఆయన కఠినమైన మనిషేం కాదు.

చూసినవాళ్ళెవరు? ఆ కంపెనీలో మా ఊరికి బతికి వచ్చినవాడు ఒక్కడే. ప్రతి ఉదయం కిటికీలో కూర్చునే ఉన్నాడు.

వాల్బుర్గా నన్ను తోడు తీసుకుని దాణా కొట్టుకు వెళ్ళింది. కెప్టెన్ గారు చెవి వెనక పెన్సిలు పెట్టుకుని బస్తాలు తూస్తున్నారు.

"కెప్టెన్ గారూ, గోధుమల కోసం రాలేదండీ" అంది వాల్బుర్గా. "క్లెమెన్స్ సంగతి. మీరు చూశారా?"

ఆయన పెన్సిలు తీసి మళ్ళీ అదే చెవి వెనక పెట్టుకున్నారు. "అమ్మా, ఎన్నిసార్లు చెప్పాను? ఆచూకీ లేదు. యుద్ధమంటే అంతే. ధైర్యంగా ఉండాలి."

"ధైర్యంగానే ఉన్నానండీ, పదిహేనేళ్ళుగా. చనిపోయినవాళ్ళని పూడ్చారు కదా. క్లెమెన్స్‌ని పూడ్చారా?"

"లేదు."

"బతికినవాళ్ళని తీసుకొచ్చారు కదా. తీసుకొచ్చారా?"

"తీసుకొస్తే నీ దగ్గరే ఉండేవాడు కదమ్మా."

"మరి ఒక్కణ్ణి కూడా వదల్లేదంటారు." వాల్బుర్గా గొంతు పెంచలేదు. కూరగాయల ధర తేడా వచ్చినప్పుడు అడిగినట్టే అడిగింది. "పూడ్చలేదు, తీసుకురాలేదు, వదల్లేదు. మరి మా ఆయన ఎక్కడికెళ్ళాడండీ?"

నిజం చెప్పాలంటే నాకు అప్పుడే తట్టింది. ఏటేటా పందిట్లో ఆ కథ విని బల్లలు బాదాం, కళ్ళు తుడుచుకున్నాం. అదే పందిట్లో మూడో బల్ల దగ్గర వాల్బుర్గా కూర్చునేది. ఊరంతటిలో ఒక్కరికీ, ఫాదర్‌కి గాని, బడిపంతులుకి గాని, నాకు గాని, ఈ ప్రశ్న రాలేదు. మంచి కథకి అడ్డు రాకూడదని మర్యాదగా ఊరుకున్నట్టున్నాం.

కెప్టెన్ గారు తక్కెట్లోని బస్తాను దించి, మళ్ళీ ఎక్కించి, "తుపాను... చీకటి... అంతా గందరగోళం" అన్నారు. తర్వాత "ఎలకలు పడుతున్నాయి, ఒక బస్తా పంపిస్తాను" అన్నారు.

"వద్దండీ" అంది వాల్బుర్గా. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కిటికీ తెరలు మూసి ఉన్నాయి. ఆ తర్వాత రోజు కూడా. "కెప్టెన్ గారికి నిజంగానే గొంతు నొప్పి పట్టుకుంది" అన్నారు ఆడవాళ్ళు. ఆ ఏడు తుపాకి పండగకు జిల్లా నుంచి పెద్దమనిషి ఒకాయన వస్తున్నాడని, ఊరేగింపులో అందరికంటే ముందు కెప్టెన్ గారు నడుస్తారని, ఆయనకో వెండి రేకు పలక ఇస్తారని బ్రూనె అప్పటికే ఊరంతా చాటాడు. అంచేత జబ్బుపడటానికి అది సమయం కాదని కూడా చెప్పి పంపాడు.

పండగకు నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం నేను చెర్రీల కేకు పొయ్యిలోంచి తీస్తుంటే గంట మోగింది. గుమ్మంలో కెప్టెన్ గారు. నల్ల సూటు వేసుకున్నారు. ఛాతీ నిండా పతకాలు. వేడికి ఆయన మెడ మీద చెమట కారుతోంది.

"ఫాదర్ ఉన్నారా? సాక్ష్యం చెప్పాలి."

ఫాదర్ ఆయన్ని తన గదిలో కూర్చోబెట్టి, "సిబిల్లా, నువ్వూ ఉండు. రెండో మనిషి వినాలి" అన్నారు. నేను కాఫీ పోసి, కేకు ముక్క ముందు పెట్టి, తలుపు దగ్గర కూర్చున్నాను.

"క్లెమెన్స్ చనిపోయాడు. నేను చూశాను" అన్నారు కెప్టెన్ గారు నిలబడే.

"కూర్చోండి. ఎక్కడ చూశారు?"

"చూశానంటే సరిపోదా ఫాదర్? అధికారి మాట ఇది."

"బిషప్పు గారు ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని అడుగుతారు. అధికారుల మాట ఆయన చాలా విన్నారు, అందుకే అడుగుతారు."

కెప్టెన్ గారు కూర్చున్నారు. పతకాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆ చప్పుడుకి ఆయనే సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"నేలమాళిగలో."

"మీ కథలో నేలమాళిగ లేదే."

"లేదు. గుట్ట కింద ఒక పల్లె. ఇళ్ళు ముందే తగలబెట్టాం, చలికి. బంగాళాదుంపలు దాచుకునే నేలమాళిగ ఒకటి మిగిలింది. దెబ్బలు తగిలినవాళ్ళని అందులో పెట్టాం."

"ఆ ఇంటివాళ్ళు?"

"ఎవరు?"

"నేలమాళిగ ఎవరిదో వాళ్ళు."

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. "ఒక ముసలావిడ ఉండేది. ఎటు వెళ్ళిందో... మంచులోకి వెళ్ళింది. నేను కనుక్కోలేదు ఫాదర్." నలభై మూడు నుంచి ఇప్పటివరకూ ఆమె గురించి అడిగిన మొదటి మనిషి ఫాదర్ అనుకుంటాను. నేను నా ఏప్రన్ అంచు కింద చేతులు జోడించి ఆమె కోసం ఒక జపం చెప్పుకున్నాను, పేరు తెలియకుండానే.

"క్లెమెన్స్‌కి పొట్టలో తగిలింది" అని కెప్టెన్ గారు మళ్ళీ మొదలుపెట్టారు. "మేం బయల్దేరే ముందు కిందికి దిగాను. బండి వస్తుంది, అందర్నీ తీసుకెళ్తాం అని చెప్పడానికి. నేనక్కడ ఉండగానే పోయాడు. ఇది సత్యం. ప్రమాణం చేస్తాను."

"మిగతావాళ్ళు?"

"బతికే ఉన్నారు. నలుగురు."

"బండి రాలేదా?"

"వచ్చింది. గుర్రం కట్టిన మంచు బండి, ఒక్కటే."

"దానిమీద ఏం ఎక్కించారు?"

"మెషీన్ గన్. రేడియో పెట్టె." కాఫీ కప్పును పక్కకు జరిపారు. "ఇంకో పెట్టె."

"ఎవరిది?"

"నాది."

ఫాదర్ కలం దించి ఎదురు చూశారు. కెప్టెన్ గారు కేకు ముక్కతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెప్పారు. "అందులో కవాతు కోటు ఉంది. రెజిమెంటు నుంచి ఫోన్ వచ్చింది, వీరసిలువకి నా పేరు పంపుతున్నామని. జనరల్ ముందు మాసిన కోటుతో ఎలా నిలబడతాను? పెట్టె దించితే ఇద్దరు పట్టేవాళ్ళు, ఇరికిస్తే. నేను... చీకట్లో... దించమని ఎవరూ చెప్పలేదు."

"చెప్పాల్సింది ఎవరు?"

"నేనే."

అలా ఆ నలుగురూ అక్కడే ఉండిపోయారు. కెప్టెన్ గారి కోటు మాత్రం ముడత పడకుండా నది దాటింది. చివరికి వీరసిలువ రానే లేదు, మొదటి తరగతితో సరిపెట్టారు. ఆ కాగితంలో రాసిన కారణం, కంపెనీలో ఒక్కణ్ణి కూడా వదలకుండా తీసుకొచ్చినందుకు అని.

ఫాదర్ మళ్ళీ కలం తీసుకుని చివరి మాట దాకా రాశారు. తర్వాత, "నేను బిషప్పు గారికి రాస్తాను. వాల్బుర్గాకి మాత్రం మీరే చెప్పాలి" అన్నారు. నేను వెళ్ళి ఆమెను తీసుకొచ్చాను. తోటలో కలుపు తీస్తోంది, చేతులకు మట్టి. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

కెప్టెన్ గారు లేచి నిటారుగా నిలబడ్డారు. "వాల్బుర్గా గారూ, మీ భర్త క్లెమెన్స్ వీరుడిలా..."

"వీరుడిలా వద్దండీ" అంది వాల్బుర్గా. "నొప్పి పడ్డాడా?"

"పడ్డాడు. చాలా."

"దగ్గర ఎవరున్నారు?"

"నేనే. నా కోటు చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. పోయిన తర్వాత వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది."

వాల్బుర్గా ఆయన కుడిచేతి వైపు, ఆ తర్వాత ఎడమచేతి వైపు చూసింది. ఏ చెయ్యో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "ఇన్నేళ్ళూ నాకు గింజలు పంపారు కెప్టెన్ గారూ. ఈ ఒక్క మాట పంపి ఉంటే నేను రైల్వే స్టేషన్లకు తిరగకపోదును" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆయన కాఫీ చల్లారిపోయింది సిబిల్లా. వేడిది పోసివ్వు" అంది. అంత మాట ఆ గదిలో అప్పుడు నా నోటికైతే వచ్చేది కాదు.

ఊళ్ళో ఏ సంగతీ గడప దాటడానికి పూట కంటే ఎక్కువ పట్టదు. మర్నాడు నేను సాసేజీలకు వెళ్తే బ్రూనె కత్తి పక్కన పెట్టేసి మరీ మాట్లాడాడు.

"విన్నావా సిబిల్లక్కా? ష్నెట్లర్‌కి పొయ్యేకాలం వచ్చింది!"

"విన్నాను. నలుగుర్ని వదిలేసి వచ్చాడట పాపం."

"వదిలేస్తే వదిలేశాడు. అది కాదు నేననేది. మేమందరం వదిలేసే వచ్చాం! బండ్లలో చోటెక్కడిది? ఎవరి బండిలో ఏముందో నన్నడుగు. మేం చెప్పామా? ఒక్కడైనా చెప్పాడా?"

"చెప్పలేదు."

"అదే మరి!"

"అదేనయ్యా నేనూ అనేది" అన్నాను. బ్రూనె నా వైపు అనుమానంగా చూశాడు. కాసేపు సాసేజీల దండను ఊరికే కత్తిరిస్తూ ఉండిపోయాడు. అతని తమ్ముడు కూడా రష్యాలోనే ఎక్కడో ఆగిపోయాడు. పొట్లం కట్టేటప్పుడు రోజూలాగే మా పిల్లికని రెండు ముక్కలు అదనంగా వేశాడు. కోపంలో ఉన్నా పిల్లిని మరిచిపోడు.

పండగ నాడు ఊరేగింపు ముందు కెప్టెన్ గారు లేరు. "ఆరోగ్యం బాగోలేదు" అని సంఘం ప్రకటించింది. ఆయన చోట, యుద్ధమంతా ప్యారిస్‌లో సైనిక వంటశాలలకు ఉల్లిపాయలు అందించి యుద్ధసేవా సిలువ సంపాదించిన ఒకాయన్ని నడిపించారు. జిల్లా పెద్దమనిషి వెండి రేకు పలక ఆయనకే ఇచ్చి, రణరంగం గురించి మాట్లాడి, బీరు తాగి, వేడికి మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. మగాళ్ళు బల్లలు బాదారు. ఆ చప్పుడు పోయినేటి లాగానే ఉంది.

ఆరోగ్యం బాగోలేని కెప్టెన్ గారు రోడ్డు పక్కన, పాల బండి దగ్గర నిలబడి ఊరేగింపు చూశారు. ఎవరూ పలకరించలేదు. ఎంగెల్బర్ట్ మాత్రం రొట్టెలో సాసేజీ పెట్టించుకొచ్చి, సగం విరిచి ఆయన చేతిలో పెట్టాడు. ఒక్క మాట లేదు, అతనికి మాటలు తక్కువ. ఇద్దరూ తింటూ నిలబడ్డారు. కెప్టెన్ గారు, అలవాటు చొప్పున, బ్యాండు వచ్చినప్పుడు మడమలు కలిపి నిటారుగా నిలబడ్డారు. నోటినిండా రొట్టె ఉంది. చూసి కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, దేవుడు క్షమించాలి.

ఆకురాలు కాలంలో బిషప్పు గారి దగ్గర్నుంచి అనుమతి వచ్చింది. ఫాదర్ మూడు ఆదివారాలు పీఠం ముందు నిలబడి ఎంగెల్బర్ట్, వాల్బుర్గాల పేర్లు చదివి, ఈ పెళ్ళికి అడ్డమేదైనా ఎవరికైనా తెలిస్తే చెప్పమని అడిగారు. మూడో ఆదివారం చదువుతున్నప్పుడు ఊరంతా ఒక్కసారి వెనక బల్ల వైపు చూసింది. కెప్టెన్ గారు ఇప్పుడు వెనక బల్లలో కూర్చుంటున్నారు. ఆయన తల వంచుకునే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

పూజ అయ్యాక నేను గుడి తలుపు వేస్తున్నాను. వాల్బుర్గా నా కోసం మెట్ల మీద ఆగింది. కెప్టెన్ గారు గోడ వార నుంచి వచ్చి టోపీ తీశారు. మనిషి బాగా చిక్కిపోయారు.

"శుభాకాంక్షలు వాల్బుర్గా గారూ."

"పెళ్ళికి రండి. కేకు సిబిల్లా చేస్తోంది."

"వస్తాను. వెనక కూర్చుంటాను." టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పారు. "మీతో ఒక పని పడింది."

"చెప్పండి."

"నీడర్‌లోహెలో టొన్నెస్ అని ఒక ముసలమ్మ ఉంది. వాళ్ళబ్బాయి వెండెలిన్. ఆ నలుగురిలో ఒకడు. మొన్న బస్సెక్కి వెళ్ళాను, నిజం చెప్పేద్దామని. ఆవిడ తలుపు తీసి, మా అబ్బాయి కెప్టెన్ గారొచ్చారని పక్కింటివాళ్ళని కేకేసింది. కుర్చీ తుడిచింది. నా ముందు కూర్చుంది. నేను నోరు తెరిచాను..." ఆయన ఆగారు. "మళ్ళీ అదే కథ చెప్పి వచ్చాను. తుపాను, నది, మంచు, అంతా. ఇదివరకెప్పటికంటే బాగా చెప్పాను. వచ్చేటప్పుడు ఆవిడ నా చేతులు ముద్దు పెట్టుకుంది."

తాళంచెవి నా చేతిలోనే ఉండిపోయింది.

"నేనొక్కణ్ణే వెళ్తే ఎన్నిసార్లయినా అంతేనని తెలిసిపోయింది" అన్నారు కెప్టెన్ గారు. "అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. ఈసారి నాతో రండి వాల్బుర్గా గారూ. మీరేం మాట్లాడక్కర్లేదు. నాకు ఎదురుగా కూర్చోండి, చాలు. మీ మొహం చూస్తూ ఆ కథ చెప్పలేను."